పసిపిల్లలకి ఆ సినిమా తగునా, తగదా? ముందే తేల్చుకోవడం ఎలా

మా పాపకి నాలుగేళ్ళప్పుడు ఒక సెలవు రోజు ఇంట్లో బొమ్మల సినిమా పెట్టాం. యు సర్టిఫికెట్. తుపాకీ లేదు, రక్తం లేదు, ఒక్క తిట్టు లేదు. కుక్కపిల్ల కథ. మొదలైన పది నిమిషాలకే రైల్వే ప్లాట్‌ఫారం మీద జనంలో తల్లికుక్క తప్పిపోతుంది. రైలు కదిలిపోతుంది, పిల్ల ఒక్కటే మిగులుతుంది. అంతా కలిపి నలభై సెకన్లుండదు. ఆ తర్వాత కథ హుషారుగా సాగిపోతుంది: కొత్త నేస్తాలు, పాటలు, అల్లరి. మేమంతా నవ్వుతున్నాం. పాప మాత్రం ప్రతి ఐదు నిమిషాలకీ నా చెయ్యి లాగి "అమ్మా, వాళ్ళమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడుగుతోంది. "వస్తుందిలే, చూడు" అంటూ వచ్చాను. సినిమా అయిపోయింది. వాళ్ళమ్మ రాలేదు. కథ రాసినవాళ్ళు ఆ తల్లిని ప్లాట్‌ఫారం మీదే మర్చిపోయారు. మా పాప మర్చిపోలేదు. ఆ తర్వాత పది రోజుల పాటు నేను స్నానానికి వెళ్తే తలుపు వేసుకోనివ్వలేదు.

సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళని అనడానికేం లేదు. వాళ్ళు లెక్కపెట్టగలిగినవి లెక్కపెడతారు: తిట్లు, దెబ్బలు, రక్తం, ముద్దులు, సిగరెట్లు. "వాళ్ళమ్మ ఏమైంది" అన్న ప్రశ్నకి నాలుగేళ్ళ పిల్లకి జవాబు దొరికిందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు. అది ఇంట్లోవాళ్ళు చూసుకోవాల్సిన సంగతి. ఆ పది రోజుల తర్వాత నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. రెండేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను. మొత్తం మీద ముప్పావుగంట పని.

1. సినిమా కంటే ముందు పిల్ల సంగతి చూడండి

ఒక కాగితం తీసుకుని ఈ మధ్య మీ పిల్ల దేనికి జడుసుకుందో రాయండి. చీకటా, కుక్కా, సూదా, ఉరుమా, ముసుగు వేసుకున్న మనిషా, ఒంటరిగా ఉండటమా. మూడు రాస్తే చాలు. దాని కింద ఇప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో రాయండి. ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నారా, తమ్ముడో చెల్లెలో పుట్టబోతున్నారా, ఇల్లు మారారా, కొత్తగా బడిలో వేశారా, ఈ మధ్యే ఎవరైనా పోయారా. మామూలు రోజుల్లో పట్టించుకోని ఆస్పత్రి సీను, తాతయ్య ఆస్పత్రిలో ఉన్న వారంలో వేరేలా తగులుతుంది.

ఇక వయసు. ఎదిగేకొద్దీ భయం తగ్గిపోతుందని అనుకుంటాం గానీ, తగ్గడం కంటే రూపు మార్చుకోవడమే ఎక్కువ. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోఆన్ కాంటర్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి ఇదే విషయం పరిశీలించారు. 1985లో సింథియా హోఫ్నర్‌తో కలిసి చేసిన ప్రయోగంలో ఒకే కథని నాలుగు రకాలుగా తీసి పిల్లలకి చూపించారు. కథలో ఒక ముసలావిడ ఉంటుంది. రెండింటిలో చూడ్డానికి చక్కగా ఉంటుంది, రెండింటిలో వికారంగా ఉంటుంది. చక్కగా ఉన్నావిడ ఒకదాంట్లో దయగా, ఇంకోదాంట్లో క్రూరంగా ప్రవర్తిస్తుంది. వికారంగా ఉన్నావిడా అంతే. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు ఎక్కువగా రూపాన్ని బట్టే ఆవిడ మంచిదో చెడ్డదో తేల్చేశారు. తొమ్మిది పదేళ్ళవాళ్ళు ఆవిడ చేసిన పనుల్ని బట్టి తేల్చారు.

కాబట్టి మంచి మనసున్న రాక్షసుడి కథ మనకి ముచ్చటగా ఉన్నా, మూడేళ్ళవాడికి అతను రాక్షసుడే. కళ్ళ ముందే మనిషి ఇంకోలా మారిపోయే సీన్లు, అంటే ముఖం సాగిపోవడం, కళ్ళు ఎర్రబడటం, మనిషి జంతువైపోవడం లాంటివి ఈ వయసువాళ్ళని బాగా కలవరపెడతాయి. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి బెదురు నిజంగా జరగగలిగేవాటి మీదికి మళ్ళుతుంది: దొంగలు, నిప్పు, యాక్సిడెంటు, పిల్లల్ని ఎత్తుకుపోవడం. అందుకే "అన్నయ్య చూశాడుగా, వీడూ చూస్తాడు" అన్న లెక్క తప్పుతుంది. తిరగేసినా తప్పుతుంది. తమ్ముడు కేరింతలు కొడుతూ చూసిన కిడ్నాప్ సీను అన్నయ్యకి రాత్రంతా నిద్ర పట్టనివ్వకపోవచ్చు.

రెండేళ్ళ లోపువాళ్ళ విషయంలో ఇంత ఆలోచన అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వాళ్ళకి తెర వద్దనే చెప్పింది. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దంది. ఏ సినిమా అయినా గంట దాటుతుంది కాబట్టి, ఇంట్లో చూస్తే రెండు మూడు రోజులకి ముక్కలు చేసుకోండి. పిల్లలకి దానివల్ల వచ్చే లోటేమీ లేదు. చూసిన ముక్కనే మళ్ళీ పెట్టమంటారు కూడా.

2. సర్టిఫికెట్ చెప్పేది ఎంతో, చెప్పనిది ఎంతో తెలుసుకోండి

భారతదేశంలో 2024 నిబంధనలతో పాత యు/ఎ ని మూడుగా విడగొట్టారు: యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+. ఓటీటీలకి ఈ విభజన 2021 నిబంధనల్లోనే వచ్చింది. యు/ఎ పక్కనున్న అంకె తల్లిదండ్రులకి ఒక సూచన. ఐదేళ్ళ పిల్లని చంకనేసుకుని 13+ సినిమాకి వెళ్తే గేటు దగ్గర ఆపాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. వయసు చూసి ఆపాల్సింది ఎ సర్టిఫికెట్ సినిమాకే.

బ్రిటన్‌లో యు అంటే నాలుగేళ్ళు, ఆపైవాళ్ళకి ఫరవాలేదని అర్థం. పీజీ (తల్లిదండ్రులు చూసి నిర్ణయించుకోవాలి) అంటే సుమారు ఎనిమిదేళ్ళ పిల్లలు కలవరపడకూడదని. అంటే మూడేళ్ళవాళ్ళ తరఫున ఆ యు కూడా మాటివ్వడం లేదు. అమెరికాలో రేటింగులు 1968లో మొదలయ్యాయి. పీజీ అని నమ్మి పిల్లల్ని తీసుకెళ్తే జడుసుకున్నారని రెండు సినిమాల మీద గొడవయ్యాక, 1984లో పీజీ-13 తెచ్చారు, పదమూడేళ్ళ లోపువాళ్ళకి కొన్ని సీన్లు తగకపోవచ్చన్న హెచ్చరికగా. అక్కడి పద్ధతిలో కొన్ని ముతక బూతుమాటల్లో ఒకటి ఒక్కసారి వినిపించినా కనీసం పీజీ-13 వెయ్యాల్సిందే. తల్లి చచ్చిపోతే వెయ్యాలన్న నిబంధన మాత్రం లేదు. నెదర్లాండ్స్‌లో కైక్‌వైజర్ అని ఒక పద్ధతి ఉంది. వయసు అంకెతో పాటు చిన్న చిన్న బొమ్మలు కూడా వేస్తారు, భయానికి గుర్తు సాలీడు. ఆ సాలీడు అన్ని పోస్టర్ల మీదా ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది నాకు.

సర్టిఫికెట్‌ని జల్లెడలా వాడుకోండి. మీ పిల్ల వయసు కంటే పెద్ద అంకె ఉంటే అక్కడితో వదిలెయ్యండి. చిన్న అంకో, యు నో ఉంటే తర్వాతి మెట్టుకి రండి. జల్లెడలోంచి దిగిందల్లా పిండి కాదు.

పోస్టర్ మీది "ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రం" అన్న మాట సంగతి కూడా చెప్పాలి. ఆ మాట పెద్దవాళ్ళకి ఇచ్చే హామీ. పక్కన పిల్లలో అత్తగారో కూర్చుని ఉండగా తల దించుకోవాల్సిన సీను రాదని దాని భావం. ఆస్తి తగాదాలు, అనుమానాలు, విషం తాగడాలు, ఆఖరి ఊపిరితో అప్పగింతలు అన్నీ ఉండి కూడా అది కుటుంబ చిత్రమే. ఫ్యామిలీ సినిమా వేరు, పిల్లల సినిమా వేరు.

ఇంకొకటి: హాల్లో ఆడిన కాపీ, టీవీలో వచ్చే కాపీ, ఓటీటీలో ఉన్న కాపీ ఒకటే కానక్కర్లేదు. ఒకచోట కత్తిరించిన సీను ఇంకోచోట ఉండొచ్చు. మీరు చూడబోయే చోట ఏ రేటింగు ఉందో అదే చూడండి.

3. చూసినవాళ్ళని అడగండి, "బాగుందా" అని మాత్రం కాదు

బాగుందా అని అడిగితే బాగుందనే చెప్తారు. ఇలా అడగండి: ఎవరైనా చనిపోతారా, తప్పిపోతారా? పిల్లలు గానీ జంతువులు గానీ దెబ్బలు తింటాయా? మీ వాడు ఎక్కడైనా కళ్ళు మూసుకున్నాడా, ఒళ్ళో ఎక్కాడా? ఇంటికొచ్చాక ఆ సినిమా గురించి ఏం అడిగాడు? ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా పనికొస్తుంది.

తెలిసినవాళ్ళెవరూ చూడకపోతే ఇంటర్నెట్ ఉంది. ఐఎండీబీ అనే సినిమాల సైటులో ప్రతి సినిమాకీ పేరెంట్స్ గైడ్ అనే భాగం ఉంటుంది. అందులో శృంగారం, హింస, తిట్లు, మద్యం అన్నీ దాటుకుని చివర్లో ఉండే భయపెట్టే సన్నివేశాల దగ్గరికి నేరుగా వెళ్ళండి. కామన్ సెన్స్ మీడియా అనే ఇంకో సైటులో తల్లిదండ్రుల మాటలతో పాటు పిల్లలు చెప్పినవి కూడా ఉంటాయి. డజ్ ది డాగ్ డై అని ఒక సైటుంది. కుక్క చచ్చిపోతుందా, అమ్మానాన్నల్లో ఎవరైనా పోతారా అని ఒక్కో ప్రశ్నకీ అవునో కాదో చూసినవాళ్ళే చెప్పేస్తారు. నాకు అప్పట్లో అది తెలిసుంటే ప్లాట్‌ఫారం సీను దొరికేది. ఇవన్నీ మామూలు జనం రాసేవే. ఒకరికి "కాస్త భయం" అనిపించింది ఇంకొకరికి ఏమీ కాకపోవచ్చు. వాళ్ళ తీర్పు పక్కనపెట్టి, సీనులో ఏం జరిగిందన్నది మాత్రం తీసుకోండి. కథ ముందే తెలిసిపోతుందని బెంగ పెట్టుకోకండి, ఈ పనిలో అదే కావాలి.

ట్రైలర్‌ని నమ్మకండి. నవ్వించే ముక్కలన్నీ ఏరి కుట్టిందది.

4. మీరు ముందుగా ఓ అరగంట చూడండి

సినిమా ఓటీటీలో ఉంటే అసలు పని ఇక్కడే జరుగుతుంది. మొత్తం చూసే తీరిక ఎవరికుంది? నేను మూడు చోట్ల చూస్తాను.

మొదటి పది నిమిషాలు. పిల్లల కథల్లో అమ్మో నాన్నో పోవడం చాలాసార్లు ఇక్కడే జరిగిపోతుంది. కథకుడి బాధ అర్థం చేసుకోదగ్గదే, అమ్మ ఇంట్లో ఉంటే ఆ పిల్లాడిని సాహసాలకి గడప దాటనిస్తుందా?

రెండోది, సినిమా నిడివిలో ముప్పావు భాగం దగ్గర. వంద నిమిషాల సినిమా అయితే డెబ్భై నుంచి ఎనభై నిమిషాల మధ్య. కథలు రాసేవాళ్ళకి అక్కడ అంతా అయిపోయిందనిపించే ఘట్టం పెట్టడం అలవాటు: స్నేహితులు విడిపోతారు, ఎవరో చనిపోయినట్టు పడి ఉంటారు, వాన కురుస్తుంది. చిన్నపిల్లలు ఏడ్చేది ఎక్కువగా ఇక్కడే. నాకు తెలిసినంతలో ఆ పది నిమిషాలూ చూస్తే సినిమా స్వభావం సగం తెలిసిపోతుంది.

మూడోది క్లైమాక్స్, ఆ తర్వాత వచ్చే శుభం కార్డు దాకా. ఇక్కడ ఒకే ఒక్క ప్రశ్న: మొదట్లో పడిన ముడులన్నీ విడిపోయాయా? తప్పిపోయినవాళ్ళు దొరికారా? దొరక్కపోతే కనీసం ఎవరైనా ఆ మాట ఎత్తి పిల్లకి చెప్పారా? పోయినవాళ్ళ గురించి పాత్రలు కూర్చుని మాట్లాడుకునే సినిమా, అందర్నీ బతికించేసి ఒకరిని మాత్రం గాలికి వదిలేసిన సినిమా కంటే నయం.

మధ్యలో వేలితో జరుపుతూ చిన్న చిన్న బొమ్మలుగా కనిపించే ఫ్రేములు చూడండి. చీకటి, నీలం, ఎరుపు రంగులు గుంపుగా వచ్చిన చోట ఆగి ఒక నిమిషం చూడండి. ఒకసారి సౌండు తీసేసి చూడండి, మళ్ళీ కళ్ళు మూసుకుని విని చూడండి. ఇదేదో వింతగా అనిపించొచ్చు గానీ చేసి చూస్తే తెలుస్తుంది. బొమ్మ సాదాసీదాగా ఉన్నా వెనకాల వచ్చే సంగీతమే గుండె దడ పుట్టిస్తుంటుంది. పిల్లలు భయమేస్తే కళ్ళు మూసుకుంటారు, చెవులు తెరిచే ఉంటాయి. తెరమీద ఏముందో తెలియక, వినపడేదానికి మనసులో ఇంకా పెద్ద బొమ్మ గీసుకుంటారు.

5. ఏం కనిపిస్తే ఆగి ఆలోచించాలి

ఎడబాటు, చావు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 1937 నుంచి 2013 దాకా బాగా ఆడిన 45 పిల్లల యానిమేషన్ సినిమాల్ని పెద్దవాళ్ళ సినిమాలతో పోల్చారు. ముఖ్య పాత్రలు చనిపోయే ప్రమాదం పిల్లల సినిమాల్లోనే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. ప్రధాన పాత్రల తల్లిదండ్రులకైతే ఐదు రెట్లు. అలాగని చావున్న ప్రతి సినిమానీ పక్కన పెట్టనక్కర్లేదు. చావు చూపించాక పక్కన ఒక పెద్దదిక్కు ఉందా, దుఃఖాన్ని ఎవరైనా ఓదార్చారా, లేక రెండో నిమిషంలోనే పాట వేసేశారా అన్నది చూడండి. ఐదేళ్ళ లోపు పిల్లలకి అమ్మ కనపడకపోవడం, చావు కంటే పెద్ద విషయం. చావంటే ఏంటో వాళ్ళకింకా పూర్తిగా తెలీదు, అమ్మ కనపడకపోవడం బాగా తెలుసు.

దెబ్బలు. ఎన్ని ఫైట్లున్నాయన్నది కాదు, దెబ్బ తగిలాక ఏమైందన్నది చూడండి. మేడ మీంచి దూకి దుమ్ము దులుపుకుని నడిచిపోయే హీరో, రక్తం కారే హీరో కంటే నన్ను ఎక్కువ భయపెడతాడు, ఎందుకంటే మా ఇంట్లో సోఫా ఉంది, మెట్లున్నాయి. 1961లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పెద్దవాళ్ళు గాలిబొమ్మని చితక్కొట్టడం పిల్లలకి చూపించి, తర్వాత ఆ పిల్లల్ని అదే బొమ్మతో వదిలారు. పిల్లలు అలాగే కొట్టారు, పెద్దవాళ్ళు అన్న మాటలు కూడా అంటూ.

నవ్వులు. దీన్ని ఎవరూ తనిఖీ చెయ్యరు, నేనూ చాలా కాలం చెయ్యలేదు. లావుగా ఉన్నవాణ్ణి, నల్లగా ఉన్నమ్మాయిని, నత్తివాణ్ణి చూసి నవ్వడం. వద్దన్నా వెంటపడటం ప్రేమగా చూపించడం. తాగి తూలేవాడు చెంపదెబ్బ కొడితే కామెడీ అనడం. భయం చాలాసార్లు పది రోజుల్లో పోతుంది. ఈ నవ్వు సోమవారం బడికి వెళ్తుంది, అక్కడ ఎవరో ఒక పిల్లకి తగులుతుంది. సినిమాలో ఒకసారి వస్తే ఆపి ఒక మాట అనొచ్చు. కథ నడిచేదే వాటి మీదైతే వద్దు.

ముద్దు, పాటల్లో గంతులు. చాలా ఇళ్ళలో రిమోట్ కోసం పరుగు పెట్టేది వీటికే. ఇరవై మందిని నరికేటప్పుడు సోఫాలో కదలని చెయ్యి, ముద్దు రాగానే రిమోట్ వెతుక్కుంటుంది. నాలుగేళ్ళ పిల్లకి ఇద్దరు ముద్దు పెట్టుకోవడంలో పెద్ద విశేషం కనిపించదు, మన కంగారులోనే కనిపిస్తుంది.

మెరుపుల వెలుగు. మీ పిల్లకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి, ముందే డాక్టర్ని అడగండి. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకి పన్నెండుసార్ల చొప్పున మారిమారి మెరిస్తే, సుమారు 685 మంది పిల్లల్ని ఆస్పత్రులకి చేర్చారు. చూసేటప్పుడు గదిలో లైటు వేసి ఉంచండి, టీవీకి దూరంగా కూర్చోబెట్టండి. ఉన్నట్టుండి అలాంటి మెరుపులొస్తే పిల్ల ఒక కన్నుని అరచేత్తో పూర్తిగా మూసి, తలని పక్కకి తిప్పెయ్యండి. రెప్పలు మూస్తే సరిపోదు, మెరుపు రెప్పల్లోంచి కూడా తెలుస్తుంది.

6. హాలుకి వెళ్ళేటట్టయితే

ఇంట్లో ఫరవాలేదనిపించిన సినిమా హాల్లో ఫరవాలేదనిపించకపోవచ్చు. చీకటి, పెద్ద తెర, ఆపడానికి రిమోట్ లేకపోవడం ఒక ఎత్తు, శబ్దం ఒక ఎత్తు. సినిమా హాళ్ళలో సౌండుని 85 డెసిబెల్స్ ప్రమాణంగా పెట్టుకుని సర్దుతారు, పేలుళ్ళ లాంటివి వచ్చినప్పుడు అది మరో ఇరవై దాకా పైకి పోయే వీలుంటుంది. పిల్లల చెవులకి పెట్టే మెత్తటి ఇయర్‌మఫ్స్ దొరుకుతాయి. వాటిని సినిమా రోజు మొదటిసారి పెట్టకండి, పీకి పారేస్తారు. రెండు రోజుల ముందు నుంచి ఇంట్లో ఆటలాగా పెట్టి చూడండి.

సీటు నడవ పక్కన తీసుకోండి, స్పీకర్లకి దూరంగా, వెనక వైపు. నిద్రపోయే వేళకి పడే ఆట వద్దు. నిద్రమత్తులో ఉన్న పిల్లకి ప్రతిదీ భయమే. బయల్దేరేముందు ఒక సైగ అనుకోండి. మా ఇంట్లో రెండుసార్లు చెయ్యి నొక్కితే "బయటికెళ్దాం" అని అర్థం. ఎందుకని అడగను, టికెట్ డబ్బులు పోయాయని అనను, లేచి వెళ్ళిపోతాం. ఇప్పటికి పాప ఒక్కసారే వాడింది. బయట కాసేపు తిరిగి, తనే "పద, చూద్దాం" అంది. వెళ్ళిపోవచ్చని తెలిసిన పిల్ల ఉండగలుగుతుందేమో!

7. చూసేముందు, చూస్తున్నప్పుడు

చిన్నపిల్లలకి కథ ముందే చెప్పెయ్యండి, భయపెట్టే చోటుతో సహా. "మధ్యలో పిల్లికూన తప్పిపోతుంది, కాసేపు ఏడుస్తుంది, చివర్లో వాళ్ళమ్మ దొరుకుతుంది" అని చెప్పి కూర్చోబెడితే, ఆ సీనులో మనకే ధైర్యం చెప్తారు. పెద్దవాళ్ళకి సస్పెన్స్ సరదా. నాలుగేళ్ళ పిల్లకి అది ఊపిరాడనివ్వని పని.

భయపడ్డప్పుడు "ఉత్తిదే నాన్నా, నిజం కాదు" అంటాం కదా. ఆ మాట ఎనిమిదేళ్ళవాడికి పనిచేస్తుంది. ఐదేళ్ళ లోపువాళ్ళకి పెద్దగా పనిచెయ్యదని ఈ విషయం పరిశీలించినవాళ్ళ అనుభవం. ఉత్తిదని ఒప్పుకుంటూనే వణుకుతుంటారు. వాళ్ళకి మాటలకన్నా ఒళ్ళు కావాలి: దగ్గరికి తీసుకోవడం, మంచినీళ్ళు తాగించడం, వాళ్ళ దుప్పటి చేతికివ్వడం, లైటు వెయ్యడం. ఇంట్లోనైతే పాజ్ చేసి, తెర మీద ఆగిన బొమ్మని చూపించి "వీడి ముక్కు చూడు, వంకాయలా లేదూ" అంటే సగం భయం అక్కడే దిగిపోతుంది. నవ్వించలేకపోతే ఆపెయ్యండి. మిగతాది ఇంకో ఏడాది చూద్దురుగాని.

ఆపేటప్పుడు మాత్రం సరిగ్గా భయపెట్టిన సీను దగ్గర ఆపి మంచం ఎక్కించకండి. ఇదొక్కటి నేను రెండుసార్లు పొరపాటు చేసి నేర్చుకున్నాను. కథ అక్కడ ఆగితే పిల్ల తలలో అక్కడే తిరుగుతూ ఉంటుంది. ముందుకి జరిపి, అందరూ కలిసిన సీనో, మొదట్లోని ఆటపాటల సీనో ఒక రెండు నిమిషాలు చూపించి ఆపండి.

వద్దని చెప్పాల్సి వచ్చినప్పుడు "నీకు భయమేస్తుంది" అనకండి, రోషం వస్తుంది. "ఇది ఏడేళ్ళవాళ్ళ సినిమా, నీకు ఏడు రాగానే చూద్దాం" అని ఒక తేదీ చెప్పండి. చెప్పిన తేదీ గుర్తుంచుకోండి, వాళ్ళు గుర్తుంచుకుంటారు.

8. తర్వాతి మూడు రోజులు

సినిమా అయ్యీ అవ్వగానే "ఎలా ఉంది" అని అడిగితే "బావుంది" అనేస్తారు. అసలు సంగతి ఆటల్లో బయటికొస్తుంది. బొమ్మలతో అదే సీను మళ్ళీ మళ్ళీ ఆడుతుంటే, బొమ్మకి చివర్లో మంచి జరుగుతుంటే కంగారు లేదు, పిల్ల దాన్ని అరిగించుకుంటోంది. అదే ప్రశ్న పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే జవాబు చెప్పండి, మాట మార్చకండి. ఒంటరిగా పడుకోనంటే రెండు మూడు రోజులు పక్కన పడుకోండి. "ఇంత చిన్నదానికేనా" అన్న మాట మాత్రం వద్దు. కాంటరే 1999లో క్రిస్టెన్ హారిసన్‌తో కలిసి కాలేజీ విద్యార్థుల్ని అడిగితే, పదిమందిలో తొమ్మిదిమంది చిన్నప్పుడు తెరమీద చూసి బెదిరిన అనుభవం చెప్పారు. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి అప్పటికీ ఆ బెదురు కొంత మిగిలే ఉంది. వారాలు గడిచినా నిద్ర, తిండి, బడి దెబ్బతింటుంటే పిల్లల డాక్టర్‌కి చెప్పండి, సినిమా పేరుతో సహా.

ఫోన్లో ఒక నోట్ పెట్టుకోండి. సినిమా పేరు, అప్పటికి పిల్ల వయసు, ఎక్కడ ఒళ్ళోకొచ్చింది, ఎక్కడ పడీపడీ నవ్వింది. నాలుగైదు సినిమాలయ్యేసరికి మీ పిల్ల తీరు కనపడుతుంది. మా నోట్‌లో మొదటి వరస కుక్కపిల్ల సినిమాదే. పాపకి ఏడు వచ్చాక దాన్ని తనే వెతికి పెట్టించుకుంది. రైలు సీను రాగానే రిమోట్ అడిగి, నలభై సెకన్లు ముందుకి జరిపి, "వాళ్ళమ్మ తర్వాతి రైల్లో వస్తుంది, వీళ్ళు చూపించలేదంతే" అని నాకు చెప్పి, మిగతాది చూసింది.